పోషించినంత మాత్రాన మనదవుతుందా?

సృష్టిలో లేనిదాన్ని మనిషి తయారుచేయవచ్చునా అంటే మనవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. దేవుడి పనిలో వేలు పెట్టకూడదన్నది ఒకటి. అంతా ఆయన లీలే అయినప్పుడు మనిషి చేసేదీ అందులో భాగమే, దిగులెందుకన్నది రెండోది. మొదటిది భయంలోంచి పుట్టింది, రెండోది బద్ధకంలోంచి. జీవకణం ఎన్నడూ ఎరగని అమైనో ఆమ్లాలను దానికిచ్చి, వాటితో ప్రోటీన్లు కట్టిస్తున్న ఈ కాలానికి ఈ రెండూ చాలవని నా అభిప్రాయం. అంతకంటే మేలైన జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, ముచ్చింతల్‌లో, 216 అడుగుల పంచలోహ విగ్రహంగా కూర్చున్న రామానుజాచార్యుల దగ్గర అది దొరుకుతుంది. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించిన ఆ విగ్రహానికి సమతామూర్తి అని పేరు. చూడవచ్చే జనం వినేది ఎక్కువగా ఆయన చాటిన సమత్వం గురించే, అది సబబే కూడా. శరీరమంటే ఏమిటో, బ్రహ్మసూత్రాలకు రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో ఆయన తూచి తూచి చెప్పిన మాట మాత్రం పండితుల గడప దాటి రాలేదు. నేటి జీవశాస్త్రానికి అక్కరకొచ్చేది అదే.

ముందు అసలు జరుగుతున్న పనేమిటో చూడాలి. కణంలో ప్రోటీన్ తయారయ్యేది రైబోసోమ్ దగ్గర. జన్యువు నుంచి వచ్చిన సందేశాన్ని అది మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. ఇలాంటి మూడక్షరాల గుర్తులు, అంటే కోడాన్లు, మొత్తం 64. వాటిలో 61 ఇరవై అమైనో ఆమ్లాల్లో ఏదో ఒకదాన్ని అడుగుతాయి, మిగతా మూడు ఇక ఆపమంటాయి. అడిగిన ఆమ్లాన్ని మోసుకొచ్చేది టీఆర్‌ఎన్‌ఏ. ఏ టీఆర్‌ఎన్‌ఏ మీదికి ఏ ఆమ్లాన్ని ఎక్కించాలో చూసుకోవడానికి వేరే ఎంజైములున్నాయి. 2001లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో పీటర్ షుల్ట్జ్ బృందం, సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గల దగ్గర బతికే మెథనోకాకస్ జన్నాషీ అనే సూక్ష్మజీవి నుంచి అలాంటి టీఆర్‌ఎన్‌ఏ, ఎంజైమ్ జంటనొకదాన్ని తీసుకుని, కొంత మార్చి, ఇ.కోలై బ్యాక్టీరియాలో పెట్టింది. ఆ జంట బ్యాక్టీరియా సొంత జంటల జోలికి పోదు, అవీ దీని జోలికి రావు. ఆపు గుర్తుల్లో ఒకటైన యూఏజీ ఎదురైనచోట ఇది ఓ-మిథైల్ టైరోసిన్ అనే కొత్త ఆమ్లాన్ని తెచ్చి తగిలిస్తుంది. తర్వాత ఇదే దారిలో వందకు పైగా కొత్త ఆమ్లాలను కణాల చేత వాడించారు. 2013లో జార్జ్ చర్చ్, ఫారెన్ ఐజాక్స్ బృందాలు ఇ.కోలైలో ఉన్న 321 యూఏజీలనూ వేరే గుర్తుతో మార్చి, యూఏజీని పూర్తిగా ఖాళీ చేశాయి. 2019లో కేంబ్రిడ్జ్‌లో జేసన్ చిన్ బృందం ఇంకా ముందుకెళ్లి, మొత్తం జన్యుపటాన్ని కృత్రిమంగా తయారుచేసి, 18 వేలకు పైగా చోట్ల గుర్తులు మార్చి, 64 బదులు 61 గుర్తులతోనే బతికే ఇ.కోలైని తెచ్చింది.

ఇంత శ్రమ దేనికంటే, ప్రధానంగా మందుల కోసం. మధుమేహానికీ బరువు తగ్గడానికీ వారానికోసారి పొడుచుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను తీసుకోండి. మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను చూసి రూపొందించిన మందు అది. అసలు హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు, ఎందుకంటే డీపీపీ-4 అనే ఎంజైమ్ దాని మొదటి రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించేస్తుంది. ఆ రెండో స్థానంలో ఉన్న అలనీన్‌ను తీసేసి, దానికంటే ఒక్క మిథైల్ సమూహం ఎక్కువున్న ఏఐబీ అనే ఆమ్లాన్ని పెడితే ఆ కత్తెర పనిచేయదు. ఒక కార్బన్, దాని చుట్టూ రెండు హైడ్రోజన్లు: తేడా అంతే. ఈ మందులో ఆ భాగాన్ని కణం కట్టదు, ఈస్టు కణం కట్టిన ముక్కకు దాన్ని రసాయనశాలలో అతికిస్తారు. అతికించే పనిని కూడా కణానికే నేర్పాలన్నది ఇప్పటి ప్రయత్నం, కేన్సర్ మందుల్లో అది పరీక్షల దశకు చేరింది కూడా. శంషాబాద్ విమానాశ్రయంలో మందుల ఎగుమతి కోసమే కట్టిన చల్లటి గిడ్డంగులున్నాయి. హైదరాబాద్‌లో తయారయ్యే మందుల్లో ఇలాంటివి రేపు ఎక్కువవుతాయి. కాబట్టి మనం అడుగుతున్నది ఎక్కడో విదేశీ ప్రయోగశాలకు వదిలేయదగ్గ ప్రశ్న కాదు.

సృష్టికర్త ఇరవై ఆమ్లాలే పెట్టాడు, ఇరవై ఒకటోది పెట్టడం అతిక్రమణ అనేవాళ్ల వాదన లెక్క దగ్గరే కూలిపోతుంది. ఇరవై ఒకటోది ముందునుంచే ఉంది. దాని పేరు సెలెనోసిస్టీన్, ఆపు గుర్తుల్లో ఒకటైన యూజీఏనే కొన్ని చోట్ల దానికోసం పనిచేస్తుందని 1986లో తేలింది. మనిషి శరీరంలో దీన్ని వాడుకునే ప్రోటీన్లకు 25 జన్యువులున్నాయి. ఇరవై రెండోది పైరోలైసిన్, 2002లో బయటపడింది. దాన్ని వాడే మెథనోసార్సినా బార్కెరీ అనే జీవి బురదలోనూ పశువుల పొట్టలోనూ ఉంటుంది. నెమరువేసే ఆవు కడుపులో కోట్ల ఏళ్లుగా జరుగుతున్న పనిని ప్రయోగశాలలో చేస్తే అపచారమనడానికి చాలా ధైర్యం కావాలి.

అయితే ఇదే వాదనకు గట్టి రూపం ఒకటుంది, దానికి ఆధారం హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నది కణంలోని కాపలా వ్యవస్థను. గ్లైసీన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలన్నీ కుడి ఎడమ చేతుల్లా రెండు రూపాల్లో ఉండగలవు. రైబోసోమ్ కట్టే ప్రోటీన్లలోకి వెళ్లేవి ఎడమవే. కుడిది పొరపాటున టీఆర్‌ఎన్‌ఏ మీదికి ఎక్కితే, రైబోసోమ్‌కు చేరకముందే దాన్ని ఊడదీసే ఎంజైమ్ పేరు డీటీడీ. ఆ ఎంజైమ్ పనితీరును ఈ బృందం 2013లో అణువుల స్థాయిలో చూపించింది. అది కుడిదాన్ని వెతికి పట్టుకోదు, ఎడమదాన్ని తన గూటిలోకి రానివ్వదు, అంతే. రానిస్తే మంచి సరుకును కూడా ఊడదీసే ప్రమాదం ఉంది మరి. మొక్కల్లో ఇదే కోవకు చెందిన డీటీడీ2 అనే మరో ఎంజైమ్ ఉంది. నేల మీదికి ఎక్కిన మొక్కలు దాన్ని ఆర్కియా అనే ప్రాచీన సూక్ష్మజీవుల నుంచి సంపాదించుకున్నాయని 2021లో ఇదే బృందం చెప్పింది. మొక్కల్లో పుట్టే ఆల్డిహైడ్లనే రసాయనాలు కుడి ఆమ్లానికి అంటుకుంటే మామూలు డీటీడీ దాన్ని వదిలించలేదు, డీటీడీ2 వదిలిస్తుంది. శంకరనారాయణన్‌కు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది ఇలాంటి పనికే. ఇక వాదన ఏమిటంటే: పరాయి ఆమ్లం చొరబడకుండా ప్రాణం ఇంత జాగ్రత్త పడుతోందంటే, ఆ హద్దు ఎవరో గీసిందేగా, దాన్ని దాటడం తప్పు కాదా?

ఈ వాదనను తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ కాపలా ఏం కాపాడుతోందో చూడాలి. కుడి ఆమ్లాలు అపవిత్రమైనవే అయితే శరీరంలో ఎక్కడా ఉండకూడదు. మన మెదడు కుడి సీరీన్‌ను తానే తయారుచేసుకుంటుంది, నాడీకణాల మధ్య సంకేతాలకు అది కావాలి. బ్యాక్టీరియా తన గోడను కుడి అలనీన్ కలిపి కట్టుకుంటుంది. అంటే కాపలా ఉన్నది పదార్థానికి అడ్డుగా కాదు, అది రాకూడని చోటికి రాకుండా. పూజగదిలోకి చెప్పులు తేకూడదన్నామంటే చెప్పులే పాపమని ఎవరూ అనరు. షుల్ట్జ్ బృందం చేసింది ఈ కాపలాను పడగొట్టడం కూడా కాదు. పాత జంటలు ఒక్కటీ చెదరకుండా, వాటికి తగలని కొత్త జంటను పక్కన చేర్చింది. చెదరగొడితే కణం చచ్చేది, ప్రయోగమూ ఆగిపోయేది.

మరి రామానుజుల సిద్ధాంతంలో సృష్టి అంటే శూన్యంలోంచి కొత్త వస్తువు పుట్టడం కాదు. కారణంలో సూక్ష్మంగా ఉన్నదే కార్యంలో స్థూలమవుతుంది. చిత్తూ అచిత్తూ, అంటే చేతనమూ జడమూ, ఎప్పుడూ ఉన్నాయి, మారేది అవస్థ. ఈ లెక్కన ఓ-మిథైల్ టైరోసిన్ కూడా అచిత్తుకు మరో అవస్థ, మట్టికి కుండలాగే. బ్రహ్మసూత్రాల చివర్లో ముక్తపురుషుడికి కూడా జగత్తును పుట్టించి నడిపే అధికారం లేదని తేల్చారు, రామానుజులు దాన్ని గట్టిగా నిలబెట్టారు. అది చూపించి మనిషి చేతులు కట్టేయాలని ఎవరైనా అంటే, కుమ్మరి చేతులు కూడా కట్టేయాల్సి వస్తుంది. అక్కడ వద్దన్నది సమస్త జగద్వ్యాపారాన్ని, కుమ్మరి సారె మీది మట్టిని కాదు. కాకపోతే ఈ సమాధానంలో ఒక చిక్కుంది. అవస్థలు మార్చడమే అంతా అయితే ఏదైనా చేయవచ్చు, విషవాయువు తయారీ కూడా అవస్థ మార్పే. మొదట్లో బద్ధకమన్నాను చూడండి, ఆ రెండో జవాబు ఇదే వేషం వేసుకుని మళ్లీ వస్తుంది. అందుకే శరీర నిర్వచనం దగ్గరికి వెళ్లాలి.

చేతులు, కాళ్లు, ఇంద్రియాలు ఉన్నదే శరీరమన్న నిర్వచనాన్ని రామానుజులు ఒప్పుకోలేదు. కర్మఫలం అనుభవించడానికి దొరికినదే శరీరమన్నదాన్నీ ఒప్పుకోలేదు. ఆయన చూసింది సంబంధాన్ని. ఒక చేతనుడు ఒక వస్తువును పూర్తిగా నిలబెడుతూ, పూర్తిగా నడిపిస్తూ ఉండాలి. ఆ వస్తువు ఉండటమే అతడి కోసమై ఉండాలి. అప్పుడది అతడి శరీరం. ఆధారం, నియమనం, శేషత్వం అనే మూడు కొలతలివి. జగత్తంతా ఈశ్వరుడి శరీరమని బృహదారణ్యకంలోని అంతర్యామి బ్రాహ్మణం ఆధారంగా ఆయన చెప్పినప్పుడు కొలిచింది వీటితోనే. ఇప్పుడు 2015లో జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడండి. యూఏజీని ఖాళీ చేసిన చర్చ్, ఐజాక్స్ బృందాలే, ఆ ఏడు ఇ.కోలైలోని అత్యవసర ప్రోటీన్లను తిరగరాసి, కృత్రిమ అమైనో ఆమ్లం దొరక్కపోతే అవి సరిగా మడత పడకుండా చేశాయి. ఆ ఆమ్లం ప్రకృతిలో ఎక్కడా దొరకదు, శాస్త్రవేత్త పోస్తేనే ఉంటుంది. పోయడం ఆపేస్తే బ్యాక్టీరియా పెరగదు. వేల కోట్ల కణాలను పెంచి చూసినా ఒక్కటీ తప్పించుకుపోలేదు. ప్రయోగశాల నుంచి బయటపడ్డ జీవి నేల మీద బతికి వ్యాపించకూడదన్నదే ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ రామానుజుల కొలతలతో చూస్తే ఎంత విచిత్రంగా ఉందో! నిలబెట్టేది మనిషి, నడిపేది మనిషి, ఉన్నది మనిషి అవసరం కోసం. మూడు కొలతలూ సరిపోయినట్టే కనిపిస్తున్నాయి. మరి ఆ బ్యాక్టీరియా మనిషి శరీరమైపోయిందా?

శ్రీవైష్ణవం తెలిసినవాళ్లు వెంటనే అడ్డుపడతారు. చీమలో, చెట్టులో ఉన్నట్టే బ్యాక్టీరియాలోనూ ఒక జీవుడున్నాడు, ఆ శరీరం ముందు అతడిది, అతడితో సహా అంతా ఈశ్వరుడిది, మధ్యలో ప్రయోగశాల ఎక్కడిదంటారు. అదీగాక నిర్వచనంలో పూర్తిగా అన్న షరతుంది. శాస్త్రవేత్త కణానికి ఒక్క ఆమ్లం ఇస్తున్నాడు, మిగతా వెయ్యి రసాయన చర్యలు అతడి ప్రమేయం లేకుండానే సాగుతున్నాయి. ఈ ఆక్షేపణ నాకు సమ్మతమే, నా వాదన నిలబడేదీ దీని మీదే. ఆధారంలో ఒక భాగం మన చేతికొచ్చింది, నియమనంలో ఒక భాగం వచ్చింది. మూడోది రాలేదు. మనం మార్చింది దాని తిండిని, అది ఎవరికోసం ఉందన్నదాన్ని కాదు. కాబట్టి శరీరిగా హక్కు చెప్పుకోవడానికి మనకు వీల్లేదు. చేతికొచ్చిన ఆ రెండు భాగాల భారం మాత్రం తప్పించుకోలేం. తిండి మన చేతిలో ఉన్న ప్రాణి బాగోగులు మన బాధ్యతే, అది మన కోసమే పుట్టిందన్నది మాత్రం మన ఊహ. ఈ సంప్రదాయంలోనే దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటుంది. అర్చావతారంలో, అంటే గుడిలోని విగ్రహ రూపంలో, సర్వేశ్వరుడు అర్చకుడి మీద ఆధారపడతాడు. స్నానం, నైవేద్యం, పవళింపు అన్నీ అర్చకుడి చేతుల మీదుగానే జరగాలి. పోషిస్తున్నాను కాబట్టి స్వామి నావాడు, నాకోసమే ఉన్నాడని ఏ అర్చకుడూ అనడు. పోషణ ఒకరిది, శేషత్వం మరొకరిది కావచ్చునని ప్రతి గుళ్లో ప్రతి పూటా కనిపిస్తూనే ఉంది. అక్కడ పరాధీనత స్వామి ఇష్టపడి ఒప్పుకున్నది, బ్యాక్టీరియా విషయంలో మనం రుద్దింది అన్న తేడా ఉంది, నిజమే. రుద్దినవాడి బాధ్యత ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

వింత వస్తువు ఏది కనబడ్డా విశ్వామిత్ర సృష్టి అనడం మనకు అలవాటు, అందులో కాస్త ఎగతాళి కూడా ఉంటుంది. వాల్మీకి బాలకాండను మళ్లీ చూస్తే ఆ ఎగతాళికి చోటు తక్కువ. త్రిశంకు స్వర్గం నుంచి తలకిందులుగా పడుతుంటే విశ్వామిత్రుడు ఆగమని నిలిపాడు, దక్షిణ దిక్కున కొత్త నక్షత్రాలను పుట్టించాడు. దేవతలు వచ్చి బతిమాలాక ఆపాడు. ఆపేటప్పుడు అడిగిందేమిటి? ఈ లోకాలు ఉన్నంతకాలం తాను చేసిన నక్షత్రాలూ ఉండాలి, త్రిశంకు అక్కడే ఉండాలి. దేవతలు ఒప్పుకున్నారు. కోపంతో మొదలైన పనే కావచ్చు, కానీ తాను పట్టి నిలిపినవాణ్ణి వదిలేయలేదు, చేసిన నక్షత్రాలను దిక్కులేకుండా విడిచిపెట్టలేదు. త్రిశంకు తలకిందులుగానే మిగిలాడన్నది వేరే సంగతి. నిలబెట్టడం చేతనైనంత మాత్రాన అంతా చక్కబడదని ఆ కథకు తెలుసు.

ఈ కొలతకు పదును ఉందా లేదా అన్నది వద్దనాల్సిన చోట వద్దంటుందా అన్నదాని మీద ఆధారపడుతుంది. 2024 డిసెంబర్‌లో 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక హెచ్చరిక చేశారు. అణువులన్నీ ఎదురు రూపంలో ఉండే బ్యాక్టీరియా, అంటే ఎడమ ఆమ్లాల బదులు కుడి ఆమ్లాలతోనే కట్టిన అద్దపు జీవి, ఎవరూ తయారుచేయకూడదని. అలాంటిది ఇప్పటికి లేదు. వస్తే మన రోగనిరోధక శక్తి దాన్ని సరిగ్గా పట్టుకోలేకపోవచ్చు, దాన్ని తినే జీవులకూ అది అరగకపోవచ్చు. కొత్తదనమే తప్పనేవాళ్లకు ఈ అద్దపు జీవీ 2015 నాటి పరాధీన బ్యాక్టీరియా ఒకే నేరం. అంతా లీలే అనేవాళ్లకు రెండూ ఒకే అనుగ్రహం. శరీర నిర్వచనం మాత్రం వాటిని విడదీసి చూడగలదు. పరాధీన బ్యాక్టీరియా పగ్గం చేసినవాడి చేతిలో ఉంటుంది. అద్దపు జీవిని ఒకసారి వదిలితే నిలబెట్టేవాడు లేడు, నడిపేవాడు లేడు. మోయలేనిదాన్ని పుట్టించకూడదన్నది ఇక్కడ పనిచేసే నియమం.

అలాగైతే ప్రయోగం ముగిశాక ఆ బ్యాక్టీరియాను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించి పారేస్తారుగా, అది బాధ్యతేనా అని అడగవచ్చు. బాధ్యతే అంటాను. శరీరం శాశ్వతమని రామానుజులు ఎక్కడా అనలేదు. మోసినవాడే దింపాలి, పక్కింటి పెరట్లో దింపకూడదు. మన దేశంలో 1989 నుంచీ ఉన్న జన్యుమార్పిడి నిబంధనలు, ప్రతి సంస్థలో ఉండాల్సిన జీవభద్రత కమిటీ చూసుకునేది చాలావరకు ఈ దింపడం గురించే. అంతవరకూ సరిగానే ఉన్నాయి.

నాకు గుబులు పుట్టించేది మరొకటి. బ్యాక్టీరియాకు వేసిన తాళం మెల్లగా మనిషి దాకా రావడం. విత్తనం ఏటా కొనడమంటే ఏమిటో, 2002లో బీటీ పత్తి వచ్చినప్పటి నుంచి తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొలకెత్తని విత్తనాన్ని ఇచ్చే టెర్మినేటర్ పద్ధతి మీద అంతకుముందే ఊరూరా భయం పాకింది. అలాంటి రకాలను నమోదు చేయకూడదని 2001 నాటి వంగడాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రాసుకుంది. మందుల్లోనూ ఇలాగే జరగవచ్చు: మందు తయారుచేసే కణం ఒక కంపెనీది, ఆ కణం బతకడానికి కావలసిన ఆమ్లం అదే కంపెనీది అయితే, రోగి కూడా ఆ ఆమ్లం మీదే బతుకుతున్నట్టు. జీవుడు ఈశ్వరుడికి తప్ప మరెవరికీ శేషం కాడన్నది రామానుజ సిద్ధాంతానికి పునాది. సాటి మనిషి నిలబడటం, నడవడం, ఉండటం ఒక సంస్థ కోసమైతే అక్కడ అతిక్రమణ జరిగినట్టు. కణంలో ఆమ్లం మారినందుకు కాదు. ఇలాంటి పట్టును సడలించే దారి చట్టంలో ఒకటుంది. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు, బేయర్ కంపెనీ కేన్సర్ మందు సొరాఫెనిబ్‌ను తయారుచేసుకునేందుకు పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇచ్చే నిర్బంధ లైసెన్సు, దేశంలోనే మొదటిది, దొరికింది. నెలకు రెండు లక్షల ఎనభై వేలున్న మందు తొమ్మిది వేలలోపుకు వచ్చింది. అది మామూలు రసాయనం, నిర్మాణం తెలిస్తే ఎవరైనా వండవచ్చు. కొత్త ఆమ్లాల ప్రోటీన్‌కు రేపు అలాంటి లైసెన్సు వస్తే, నిర్మాణం రాసిన కాగితం ఒక్కటీ చాలదు. దానితోపాటు ఆ కణాన్నీ, అది తినే ఆమ్లాన్నీ కూడా ఇమ్మని చట్టంలో ముందే రాసుకోవాలి.